కూడడం వేరు, కూర్చడం వేరు: ‘మొత్తం’ అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబు

ప్రశ్న టూకీగా ఇదీ. తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పే మాస్టారు ఒకరు అడిగారు. క్లాసులో ‘మొత్తం అంటే భాగాల కూడిక’ అని రాయిస్తాం. బయట మాత్రం ‘మొత్తం అనేది భాగాల కూడిక కంటే ఎక్కువ’ అంటుంటారు. రెండూ ఎలా నిజమవుతాయని ఒక అమ్మాయి లేచి నిలదీసిందట. పైగా కూడిక, సంకలనం, సమాహారం, సమాకలనం, సమష్టి అని మనకిన్ని మాటలున్నాయి కదా, ఇవన్నీ ఒకటేనా అని మాస్టారి అనుమానం.

ముందు సూటిగా జవాబు. రెండూ నిజమే. ఆ రెండు వాక్యాల్లోనూ ‘కలపడం’ అన్న పని ఒకటి కాదు, అంతే. మనం ‘కలపడం’ అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు పనులు దాచేస్తాం: కూడడం, పోగెయ్యడం, కూర్చడం, కలిసిపోవడం. పరిమాణాల నుంచి ఒక పరిమాణం రాబడితే కూడడం. వస్తువుల్ని ఒకచోట చేరిస్తే పోగెయ్యడం. ఏది ఎక్కడుండాలో చూసి అమరిస్తే కూర్చడం. భాగాలు తమ రూపం వదిలేసి వేరే ఒకటిగా మారితే కలిసిపోవడం. ఒక పనికి వర్తించే నియమాన్ని ఇంకో పనికి అంటగట్టినప్పుడే చిక్కంతా.

నేను గణాంకాల పనిలో ఇరవై ఏడేళ్ళు గడిపాను. నలుగురు పంపిన అంకెల్ని ఒకదాని కింద ఒకటి వేసి, అడుగున గీత గీసి, గీత కింద ఒక అంకె వెయ్యడమే నా ఉద్యోగం. అన్నేళ్ళలో నేను కూడికలో చేసిన తప్పులు చాలా తక్కువ. కూడకూడని చోట కూడిన తప్పులు మాత్రం లెక్కలేనన్ని. ‘కూడు’, ‘కూర్చు’, ‘కూడదు’ అన్నీ ఒకే కుదురు మాటలని చాలా ఆలస్యంగా గమనించాను. కూడదు అంటే పొసగదు అని. మన భాషలో నిషేధమే కూడిక నుంచి పుట్టింది చూడండి.

ఇక అసలు విషయం. కూడిక పనిచెయ్యాలంటే కూడే గుణానికి ఒక లక్షణం ఉండాలి: రెండింటిని పక్కపక్కన పెడితే ఆ గుణం పెరగాలి. పొడవు, బరువు, కాలం అలాంటివి. ఉష్ణోగ్రత అలాంటిది కాదు. 40 డిగ్రీల నీళ్ళ పక్కన 40 డిగ్రీల నీళ్ళు పెడితే 80 డిగ్రీలు కావు. ఇది చిన్నపిల్లలకూ తెలుసు. కానీ అంకెలు కాగితం మీదికెక్కాక పెద్దవాళ్ళు కూడా మరిచిపోతారు. శాతాలు కూడేస్తారు, సగటులకు సగటు తీసేస్తారు. సగం దూరం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, మిగతా సగం 30తో వెళ్తే సగటు వేగం 45 కాదు, 40. నెమ్మదిగా నడిచిన సగానికి రెట్టింపు సమయం పట్టింది కాబట్టి దాని బరువే ఎక్కువ.

శబ్దం సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 60 డెసిబెళ్ళ మోత చేసే యంత్రం పక్కన సరిగ్గా అలాంటిదే ఇంకోటి పెడితే 120 రావు, 63 వస్తాయి. శక్తి రెట్టింపయింది, నిజమే. కానీ డెసిబెల్ అనేది శక్తి కాదు, శక్తికి సంవర్గమానం (లాగరిథమ్) మీద కట్టిన కొలత. కూడాల్సింది లోపలి శక్తిని, పైకి కనిపించే అంకెను కాదు. అలాగే తూర్పుకి 3 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఉత్తరానికి 4 కిలోమీటర్లు నడిస్తే బయల్దేరిన చోటి నుంచి మీ దూరం 5. నడిచింది 7. రెండూ ‘మొత్తమే’. మొదటిది సదిశల, అంటే దిశ కూడా ఉన్న కొలతల, మొత్తం, రెండోది అలుపు మొత్తం.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం ఇది. క్లాసులో చేసి చూపించొచ్చు కూడా. 50 మిల్లీలీటర్ల నీళ్ళు, 50 మిల్లీలీటర్ల శుద్ధమైన ఇథనాల్ (ఆల్కహాల్) ఒక కొలగొట్టంలో పొయ్యండి. 100 రావు. సుమారు 96, 97 దగ్గర ఆగుతుంది. ఏమీ ఒలకలేదు, ఏమీ ఆవిరి కాలేదు. తూకం వేస్తే బరువు సరిగ్గా రెండింటి కూడికే. రెండు రకాల అణువులూ ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కుని, విడివిడిగా ఉన్నప్పటికంటే ఇరుగ్గా సర్దుకుంటాయి. అదే గొట్టంలో, అదే క్షణంలో, బరువు కూడుతోంది, ఘనపరిమాణం కూడడం లేదు. కాబట్టి ‘మొత్తం భాగాల కూడికకు సమానమా’ అన్న ప్రశ్న అసంపూర్తి ప్రశ్న. దేన్ని కొలిచినప్పుడు అని కూడా అడగాలి.

అన్నట్టు బరువు ఎప్పుడూ కూడుతుందనీ అనుకోవద్దు. హీలియం కేంద్రకంలో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉంటాయి. ఆ నాలుగింటినీ విడివిడిగా తూచి కూడితే వచ్చే ద్రవ్యరాశి కంటే కేంద్రకం ద్రవ్యరాశి దాదాపు 0.75 శాతం తక్కువ. ఆ తగ్గినది అవి అతుక్కున్నప్పుడు శక్తిగా బయటికి పోయింది. సూర్యుడు వెలుగుతున్నది ఇలాంటి తేడా మీదే. అందరూ ‘కూడిక కంటే ఎక్కువ’ అంటారు గానీ, ఇక్కడ మొత్తం కూడిక కంటే తక్కువ. కలిసి ఉండడానికి ఖర్చయిందన్నమాట.

ఇప్పుడు పోగెయ్యడం. నా ఉద్యోగంలో ఎక్కువ తలనొప్పి దీనితోనే.

ఒకసారి మూడు శిక్షణ తరగతుల హాజరు పట్టీలు నా బల్ల మీదికొచ్చాయి. 48, 37, 29 మంది. కింద గీత గీసి 114 వేశాను, నివేదిక వెళ్ళిపోయింది. వారం తర్వాత పైనుంచి ఫోను: ‘ఇక్కడ పనిచేసేవాళ్ళే వంద లోపు, 114 మందికి శిక్షణ ఎలా ఇచ్చారండీ?’ పేర్లు ముందేసుకుని కూర్చున్నాను. మొదటి రెండు తరగతుల్లోనూ ఉన్నవాళ్ళు 14 మంది, ఒకటీ మూడూ రెండింట్లోనూ 12, రెండూ మూడూ రెండింట్లోనూ 10, మూడింట్లోనూ ఉన్నవాళ్ళు 5. జంట జంటగా 36 తీసేస్తే ఆ ఐదుగురూ పూర్తిగా మాయమైపోతారు, వాళ్ళని మళ్ళీ చేర్చాలి. 114 − 36 + 5 = 83.

అలాగని 114 తప్పు కాదు. ఎన్ని కుర్చీలు నిండాయి, ఎన్ని పుస్తకాలు పంచాలి అంటే 114. ఎంతమంది నేర్చుకున్నారు అంటే 83. సమితుల పాఠంలో మీరు సమ్మేళనం అని చెప్పేది రెండోది. అంకెల కూడికకు మనిషి ముఖం గుర్తుండదు. వచ్చినవాడే మళ్ళీ వస్తే మళ్ళీ లెక్కేస్తుంది. పోగు మాత్రం ‘నువ్వు ఇందాకే వచ్చావు కదా’ అంటుంది. అప్పట్నుంచీ ఏ పట్టీ వచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఒకే మనిషి రెండుసార్లు వస్తే ఏం చెయ్యాలి? ఆ ప్రశ్నకు జవాబు లేనివాళ్ళకి మొత్తం అడిగే హక్కు లేదని నా మొండితనం.

పోగుల దగ్గర ఇంకో వింత. యూక్లిడ్ ‘భాగం కంటే మొత్తం పెద్దది’ అని ఋజువక్కర్లేని సత్యాల్లో వేసేశాడు. అనంత సమితుల దగ్గరికొచ్చేసరికి అది ఆగిపోతుంది. 1, 2, 3… అన్న సంఖ్యలన్నింటికీ వాటి వర్గాలను (1, 4, 9…) ఒకదానికొకటి జతచేసెయ్యొచ్చు, ఎవరూ మిగలరు. ఈ సంగతిని గెలీలియో 1638లోనే ఎత్తిచూపి, అనంతం దగ్గర ఎక్కువ తక్కువ మాటలు పనిచెయ్యవని వదిలేశాడు. వదిలేసిన చోటి నుంచే రెండు శతాబ్దాల తర్వాత కాంటర్ అనే గణితవేత్త ఎత్తుకున్నాడు. దీని గురించి ఇంతే, లేకపోతే దారి తప్పుతాం.

గుంపుల్ని కలిపేటప్పుడు వచ్చే అసలు ప్రమాదం ఇంకోటుంది. దాన్ని మీ క్లాసులో బల్ల మీద వేసి చూపించండి. 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మూత్రపిండాల రాళ్ళ చికిత్సల మీద ఒక పోలిక వచ్చింది. ఒకటి కోసి చేసే శస్త్రచికిత్స, రెండోది సన్నని రంధ్రం గుండా చేసేది. ఒక్కోదాంట్లో 350 మంది. మొత్తం చూస్తే కోతతో 273 మందికి నయమైంది, 78 శాతం. రంధ్రం పద్ధతిలో 289 మందికి, 83 శాతం. రెండోదే మేలు అనిపిస్తుంది కదా? ఇప్పుడు రాయి సైజును బట్టి విడదియ్యండి. చిన్న రాళ్ళలో కోత 87లో 81, అంటే 93 శాతం. రంధ్రం 270లో 234, 87 శాతం. పెద్ద రాళ్ళలో కోత 263లో 192, 73 శాతం. రంధ్రం 80లో 55, 69 శాతం. చిన్నవాటిలోనూ కోతే మేలు, పెద్దవాటిలోనూ కోతే మేలు. రెండూ కలిపేసరికి ఓడిపోయింది!

ఎక్కడా కూడికలో తప్పు లేదు, మీరే చేసి చూసుకోండి. కష్టమైన కేసులన్నీ, అంటే పెద్ద రాళ్ళు, కోతకే వెళ్ళాయి: 350లో 263. తేలికవి రంధ్రానికి వెళ్ళాయి. కలిపినప్పుడు ఆ పంపకం కూడా కలిసిపోయింది, కానీ అది ఏ గడిలోనూ కనిపించదు. దీన్ని సింప్సన్ వైపరీత్యం అంటారు. గణాంక శాస్త్రజ్ఞుడు సింప్సన్ 1951లో రాశాడు గానీ అంతకు చాలా ముందే, 1903లో, యూల్ అనే ఇంకో గణాంక శాస్త్రజ్ఞుడు ఇలాంటిది చూపించాడు. నేను కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు ఈ పట్టికతోనే మొదలుపెట్టేవాడిని. సగం మంది కాలిక్యులేటర్ తీసి నా కూడికలు సరిచూసేవాళ్ళు. మంచి లక్షణమే.

తర్వాతిది, వరస. ‘స్థిత్యంతర ధర్మం, సహచర ధర్మం’ అని మనం వల్లె వేయిస్తాం: ఎలా మార్చి కూడినా ఒకటే అని. రెండు చోట్ల అది నిలవదు. ఒకటి కంప్యూటర్లో. సాధారణంగా దశాంశ లెక్కలకు కంప్యూటర్ వాడే పద్ధతిలో 15, 16 అంకెల దాకానే ఖచ్చితం. 1 పక్కన 16 సున్నాలు పెట్టిన సంఖ్యకు 1 కలిపి, మళ్ళీ ఆ పెద్ద సంఖ్యను తీసేస్తే 0 వస్తుంది. ముందు పెద్దదాన్ని తీసేసి తర్వాత 1 కలిపితే 1 వస్తుంది. ఒకే మూడు సంఖ్యలు, వరస వేరు. మా దగ్గర ఒకే ఫైలు మీద రెండు యంత్రాలు చివరి అంకెల్లో తేడా చూపిస్తే మూడు రోజులు దొంగ కోసం వెతికాం. దొంగ లేడు. ఒకటి పై నుంచి కిందికి కూడింది, ఇంకోటి ఫైలును ముక్కలు చేసి ముక్కల మొత్తాలను కూడింది. చిన్నవాటిని ముందు కూడడం ఒక చిట్కా. 1965లో కహాన్ చెప్పిన పద్ధతి ఇంకా మంచిది, ప్రతి మెట్టులోనూ జారిపోయిన చిల్లరను పక్కన దాచి తర్వాతి మెట్టులో కలుపుతుంది.

రెండోది అనంత శ్రేణుల్లో. 1 − 1/2 + 1/3 − 1/4 + … అని పోతే 0.693 దగ్గరికి చేరుతుంది. అవే పదాలు, ఒక్కటీ వదలకుండా, ఒక ధన పదం తర్వాత రెండు రుణ పదాలు చొప్పున పేర్చి కూడండి: 1 − 1/2 − 1/4 + 1/3 − 1/6 − 1/8 + … సరిగ్గా సగం, 0.3466 వస్తుంది. ఇలాంటి శ్రేణిని తగినట్టు పేరిస్తే మనకు కావలసిన ఏ సంఖ్యకైనా చేర్చవచ్చని రీమన్ నిరూపించాడు. మాధవుడు 14వ శతాబ్దంలో వృత్త పరిధికి ఇచ్చిన 1 − 1/3 + 1/5 − … కూడా ఈ జాతిదే. ఇక్కడ ‘మొత్తం’ అంటే అన్నీ కూడగా వచ్చింది కాదు, ఎందుకంటే అన్నీ కూడడం ఎవరివల్లా కాదు. ఈ వరసలో నడుస్తూ పోతే ఎక్కడికి చేరువవుతున్నామో అది. అంటే గమ్యం. దానికి మనం మర్యాదకు మొత్తం అని పేరు పెట్టుకున్నాం.

సమాకలనం (ఇంటిగ్రేషన్) గురించి అడిగారు కదా, అది ఇక్కడి నుంచే మొదలవుతుంది. గీత అంటే బిందువుల మొత్తం అని మనం పిల్లలకు చెప్పేస్తాం. ఒక బిందువు పొడవు సున్నా. సున్నాలు ఎన్ని కూడినా సున్నాయే. మరి గీతకు పొడవు ఎక్కడిది? బిందువుల్ని పోగేస్తే గీత వస్తుంది, కానీ బిందువుల పొడవుల్ని కూడితే గీత పొడవు రాదు. పోగెయ్యడం, కూడడం ఇక్కడ విడిపోయాయి. సమాకలనం చేసేది బిందువుల్ని కూడడం కాదు. సన్నని ముక్కలు కోసి, ప్రతి ముక్కకీ ఎత్తును వెడల్పుతో గుణించి, ముక్కలు ఇంకా సన్నబడుతుంటే ఆ కూడిక ఎటు పోతోందో చూడడం. లైబ్నిట్జ్ 1675 అక్టోబరులో దానికి గుర్తు వెతుక్కుంటూ, మొత్తం అనే లాటిన్ మాట ‘సుమ్మా’లోని మొదటి అక్షరాన్ని పొడుగ్గా సాగదీశాడు. విడివిడి పదాల కూడికకు గ్రీకు సిగ్మాను ఆయిలర్ 1755లో వాడాడు. రెండూ ‘స’కారాలే. ఒకటి మెట్లు, ఇంకోటి ఏటవాలు.

మన పాత గణితంలో మాటలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో చెప్పిన ఎనిమిది పరికర్మల్లో, అంటే లెక్క చేసే పద్ధతుల్లో, రెండు అంకెల మామూలు కూడిక అసలు లేదు, అది అందరికీ వచ్చనుకున్నాడు కాబోలు. ఆయన ‘సంకలితం’ అన్నది శ్రేణిని కూడడాన్ని. దానికే ఇంకో పేరు ‘చితి’, అంటే పేర్పు. ఆయన గణిత గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగు చేశాడు. అంతకు ముందు ఆర్యభటుడు కూడా కూడికలకు కూడికను ‘చితిఘనం’ అన్నాడు. గోళాల్ని త్రిభుజంగా పేరుస్తూ పైకి పోతే వరసల్లో 1, 3, 6, 10 వస్తాయి. నాలుగు వరసలకు 20. సూత్రం ప్రకారం 4ని 5తో, 6తో గుణించి 6తో భాగించండి, అదే 20. మొత్తాన్ని కళ్ళెదుట కట్టిన కుప్పగా చూశారు వాళ్ళు. ఇప్పుడు మన పుస్తకాల్లో సంకలనం అంటే కూడిక, కథల సంకలనం అంటే పోగు. ఒకే మాట రెండు పనులు మోస్తోంది.

ఇక ఆ అమ్మాయి అడిగిన ‘కంటే ఎక్కువ’. ఇది కూర్చడం సంగతి.

‘త’, ‘ల’ అనే రెండక్షరాలు తీసుకోండి. కూడితే రెండు. పోగేస్తే అవే. కూరిస్తే? ‘తల’ కావచ్చు, ‘లత’ కావచ్చు. ‘పాట’నే తిప్పితే ‘టపా’. భాగాల జాబితా ఒకటే, మొత్తాలు రెండు. మరి ఆ తేడా ఏ భాగంలో ఉంది? దేంట్లోనూ లేదు, వరసలో ఉంది. అరిస్టాటిల్ కూడా తన తత్త్వగ్రంథంలో సరిగ్గా అక్షరాలనే తీసుకుని, రెండు ధ్వనులు కలిసిన అక్షరం ఆ రెండు ధ్వనులే కాదు, మరేదో కూడా అని చెప్పాడు. ఆ ‘మరేదో’ను ఇంకో భాగం అనుకుంటే, దాన్ని మిగతావాటితో కలపడానికి మళ్ళీ ఇంకేదో కావాలి, అంతు ఉండదు. అందుకే అది భాగం కాదు, అమరిక. ఇందాకటి మూత్రపిండాల రాళ్ళ పట్టికలో దాగిన పంపకం లాంటిదే.

దీన్ని తిరగేసి కూడా చూడొచ్చు. ఒక పాటను శ్రుతి మార్చి పాడితే ప్రతి స్వరమూ మారిపోతుంది, ఒక్క ధ్వని కూడా పాతది మిగలదు. పాట మాత్రం అదే. భాగాలన్నీ మారినా మొత్తం మారలేదు. 1890లో ఎరెన్‌ఫెల్స్ ఎత్తిచూపిన ఈ సంగతి మీదే తర్వాత, మనసు విడి భాగాల్ని కాక మొత్తం రూపాన్నే పట్టుకుంటుందనే గెస్టాల్ట్ మనస్తత్వ శాస్త్రం లేచింది. ఆ బడికే చెందిన కొఫ్కా ‘మొత్తం భాగాల కూడిక కంటే ఎక్కువ’ అన్న మాటను ఒప్పుకోలేదు. ఎక్కువ కాదు, వేరు అన్నాడు. నేనూ అదే అంటాను. ఎక్కువ అంటే రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టినట్టు. పాటను, స్వరాల కూడికను ఏ తక్కెడలో పెడతాం?

తక్కెడ అంటే గుర్తొచ్చింది. మన దర్శనాల్లో ఈ తగువు వందల ఏళ్ళు నడిచింది. దారాలు అవయవాలు, గుడ్డ అవయవి. అవయవి దారాలకంటే వేరైన ఒక కొత్త పదార్థం అని న్యాయ వైశేషికులు. కాదు, దారాల్ని అలా అల్లినప్పుడు మనం పెట్టుకున్న పేరే గుడ్డ అని బౌద్ధులు. మిళిందుడనే రాజుకి నాగసేనుడనే బౌద్ధ భిక్షువు చెప్పిన రథం కథ ఇదే: ఇరుసు రథమా, చక్రం రథమా అని అడుగుతూ పోయి, చివరికి రథం అనేది ఒక వ్యవహారం మాత్రమే అంటాడు. నైయాయికుల మీద, అంటే న్యాయ దర్శనంవాళ్ళ మీద, వేసిన ఒక ఆక్షేపణ నాకు భలే ఇష్టం: గుడ్డ నిజంగా దారాలకంటే వేరైన పదార్థమైతే, తూచినప్పుడు దారాల బరువుకు తోడు గుడ్డ బరువూ చూపించాలి కదా? లెక్కలవాళ్ళు అడగాల్సిన ప్రశ్న అది. ఎవరు గెలిచారంటే నేను చెప్పలేను గానీ, ఉద్యోగ రీత్యా నేను బౌద్ధుల పక్షం. గీత కింద అంకె నేను పెట్టుకున్న పేరే. ఇంటికెళ్ళి పాట వింటే మాత్రం నైయాయికుణ్ణి.

ఇక మీ మాటల సందేహం. దానికి వ్యాకరణంలోనే మంచి జవాబుంది. సంస్కృతంలో ‘చ’, అంటే మనం ‘మరియు’ అనేది, నాలుగు అర్థాలిస్తుందని విడగొట్టారు. సముచ్చయం: ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రెండూ ఒకే పనికి చేరడం, దేవుణ్ణీ గురువునీ సేవించు అన్నట్టు. అన్వాచయం: ఒకటి ముఖ్యం, రెండోది దారిలో పని; భిక్షకు వెళ్ళు, పనిలో పని ఆవునూ తోలుకురా అన్నట్టు. ఇతరేతరయోగం: ఇద్దరూ ఇద్దరుగానే ఉంటూ జట్టుగా ఉండడం, రామలక్ష్మణులు, సంస్కృతంలో ద్వివచనం, తెలుగులో బహువచనం. సమాహారం: కలిసి ఒక్కటిగా లెక్కకు రావడం, పాణిపాదం, చేతులూ కాళ్ళూ కలిపి ఏకవచనం. మొదటి రెండింటికి సమాసం కట్టరు, చివరి రెండింటికే ద్వంద్వం.

ఎప్పుడు ఏకవచనం అవుతుందో పాణిని ఒక సూత్రంలో చెప్తూ మూడింటిని వరసగా పెట్టాడు: ప్రాణుల అంగాలు, వాద్యబృందంలోని వాళ్ళు, సేనాంగాలు. ఎంత చూసి ఎంచాడో గమనించండి. మూడూ కూర్చిన మొత్తాలే, పోగులు కావు. ఒక చెయ్యి, ఒక మృదంగం, ఒక గజబలం విడిగా చేసే పని వేరు, మొత్తంలో చేసే పని వేరు. నేను చూసిన నివేదికల్లో సగం ‘మరియు’లు అన్వాచయాలే. అడిగినదానికి తోక తగిలించి, రెండూ కలిపి ఒక మొత్తం చూపిస్తారు.

తెలుగుకీ తనదైన కూడిక ఒకటుంది. ఊరు + ఊరు = ఊరూరు. ఇల్లు + ఇల్లు = ఇల్లిల్లు. ‘ఊరూరూ తిరిగాడు’ అంటే రెండు ఊళ్ళు అని ఎవరికీ తోచదు, ఊళ్ళన్నీ అని. ఒకటీ ఒకటీ కలిపితే అన్నీ వచ్చిన లెక్క ఇది. ఆమ్రేడితం అని దాటేస్తాం గానీ, ఒకే వస్తువు రెండుసార్లు వస్తే ఏం చెయ్యాలన్న నా పాత ప్రశ్నకు తెలుగు ఇచ్చిన జవాబు ఇది.

ఇంతకీ మాటలు ఎలా వాడుకోవాలంటే, నా అలవాటు చెప్తాను. అంకెకు మొత్తం లేదా వెరసి. లెక్కల కాగితాల్లో వెరసి పాత మాట, వెరయు అంటే కలియు. గుంపుకు సమూహం, పోగు, సమ్మేళనం. అమరిక ముఖ్యమైనప్పుడు నిర్మాణం, కూర్పు, అవయవి. సన్నని ముక్కల గమ్యానికి సమాకలనం. సమష్టి అన్న మాటతో కొంచెం జాగ్రత్త. ‘సమష్టి నిర్ణయం’ అని తేలిగ్గా రాస్తాం గానీ అభిప్రాయాలు కూడేవి కావు. మేం ముగ్గురం ఒకసారి మూడు పథకాలకు ర్యాంకులిచ్చాం. నాకు ఒకటి, రెండు, మూడు ఆ వరసలో. ఒకావిడకు రెండు, మూడు, ఒకటి. ఇంకొకాయనకు మూడు, ఒకటి, రెండు. జంటలుగా ఓటేస్తే ఒకటి రెండును గెలిచింది, రెండు మూడును గెలిచింది, మూడు ఒకటిని గెలిచింది! ముగ్గురం తిక్కవాళ్ళం కాదు, ముగ్గురివీ స్పష్టమైన ఇష్టాలే. కలిపితే వచ్చిన ‘మా ఇష్టం’ గుండ్రంగా తిరుగుతోంది. కొండోర్సే 1785లోనే చూపించాడు ఇది. చివరికి టీ తాగి చీటీ వేసుకున్నాం.

ఆ అమ్మాయికి ఏం చెప్పాలన్నారు. నేనైతే ఏమీ చెప్పను. బోర్డు మీద ఒక పక్క 50 + 50 అని రాస్తాను, ఇంకో పక్క త + ల అని. రెండింటికీ జవాబు రాయమంటాను. మొదటిదానికి 100 అని గబగబా రాస్తే ఆ కొలగొట్టం చేతికిస్తాను. రెండోదాని దగ్గర సుద్దముక్క పట్టుకుని ఆగి, ‘ఏ వరసలో సార్?’ అని తనే అడిగిందనుకోండి, ఆ రోజుకి పాఠం అక్కడ ఆపేయండి.